మొగలిపేటకు సముద్రం రాలేదు

గరికిన ఎల్లాజీ ఇల్లు ఒక మంగళవారం మధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా, సముద్రంలోకి వెళ్లిపోయింది. చెప్పాపెట్టకుండా వెళ్లిందని అనడానికి లేదు. ముందురోజు వంటిల్లు వెళ్లింది. ఆ పొద్దున అరుగు వెళ్లింది. మధ్యాహ్నానికి మిగిలిన రెండు గదులూ ముందుకు వంగి, కాసేపు ఆలోచించి, ఇక ఉండి చేసేదేముందన్నట్టు వెళ్లిపోయాయి.

అప్పటికే ఎల్లాజీ వలలు, గిన్నెలు, తలుపు రెక్కలు, గోడకున్న దేవుడి పటాలు రోడ్డు మీదికి చేర్చాడు. ముప్పై ఏళ్లు చేపల వేట చేసి కట్టుకున్న ఇల్లు. మోకాళ్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. భార్య కాసులమ్మ అతని భుజం తట్టింది.

"లెగు మావా. ఏడవడానికి తరవాతైనా పొద్దుంటది. మబ్బట్టింది, సామాను మీద కప్పాలి, పరదా పట్టుకో."

ఆ ఏడాది మొగలిపేటలో అలా వెళ్లిన ఇళ్లు నలభై ఒకటి. ఆ కుటుంబాలన్నీ తుఫాను షెల్టర్లో ఒకే హాల్లో చేరాయి. చీరలు అడ్డం కట్టుకుంటే గదులయ్యాయి. ఒక గదిలో దగ్గితే ఏడో గదిలోంచి మంచినీళ్లిచ్చేవాళ్లు. రోడ్డుకు అవతల మెరక మీద, జీడితోటల పక్కన ప్రభుత్వ భూమి ఉంది. అక్కడ తలా కాస్త జాగా ఇమ్మని అర్జీ పెట్టుకున్నారు. గ్రామ రెవెన్యూ అధికారిణి సత్యవేణి ఊరంతా తిరిగి, 'సదరు నలభై ఒక్క ఇళ్లు సముద్రములో కలిసిపోయినవి, అర్హులు' అని నివేదిక రాసింది. తహసీల్దారు విశ్వంభరరావు గారు కూడా తల ఊపారు. ఇంకో నెలలో పట్టాలొస్తాయని అందరూ అనుకున్నారు.

సరిగ్గా అదే రోజుల్లో, మొగలిపేటకు కొన్ని వేల మైళ్ల అవతల, ఒక అద్దాల మేడలో, ప్రపంచ దేశాల ప్రతినిధులు కూర్చుని ఒక మంచి పని చేశారు. భూమి వేడెక్కి సముద్రాలు పొంగుతున్నాయి. ఏ దేశానికైనా సముద్రంలో హద్దు ఒడ్డు నుంచే కొలుస్తారు. ఒడ్డు కోసుకుపోతే హద్దూ వెనక్కి జరుగుతుంది. అలాగైతే చిన్న చిన్న ద్వీప దేశాలు ముందు నేల పోగొట్టుకుని, ఆ తర్వాత చేపలూ పోగొట్టుకోవాలి. ఇది అన్యాయం కాబట్టి, ఒడ్డు ఎంత జరిగినా పటంలో గీత జరగదు, ఒకసారి గీసిన తీరరేఖ ఎప్పటికీ అదే అని తీర్మానించారు.

ఆ తీర్మానం దేశ రాజధానిలో మార్గదర్శకమైంది, రాష్ట్ర రాజధానిలో ఉత్తర్వైంది, జిల్లాలో సర్క్యులరైంది, మండలానికొచ్చేసరికి మెమో అయింది. మెట్టు మెట్టుకీ ఒక్కో మాట రాలిపోతూ వచ్చింది. బయలుదేరినప్పుడు అందులో 'సముద్రపు హద్దుల లెక్కకు మాత్రమే' అని ఉండేది. అది జిల్లాకీ మండలానికీ మధ్య ఎక్కడో జారిపోయింది. విశ్వంభరరావు గారి బల్ల మీదికి చేరింది ఒక్కటే వాక్యం: 'సముద్రమట్టము పెరిగినప్పటికీ తీరరేఖ మారలేదని భావించవలెను.'

విశ్వంభరరావు గారు చెడ్డవారు కాదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎవరినీ విసుక్కోలేదు. కాకపోతే 'భావించవలెను' అని రాసి ఉంటే ఆయన భావించేవారు.

ఎల్లాజీకి కబురంపి పిలిపించారు.

"కూర్చో ఎల్లాజీ. నీకొక శుభవార్త."

"ఇంటి జాగా ఇచ్చేశారాండి?"

"అంతకన్నా మంచిది. నీ ఇల్లు ఉంది."

"ఎక్కడుందండి?"

"ఎక్కడుండాలో అక్కడే. సర్వే నంబరు నూట పన్నెండులో. నాలుగు దిక్కులా హద్దులు కూడా చక్కగా ఉన్నాయి. తూర్పున పంచాయతీ రోడ్డు, పడమర పొరుగు ఇల్లు."

"అక్కడ సంద్రం ఉందండి, ఎమ్మార్వో గారు. నిలువు లోతు."

"భౌతికంగా ఉండొచ్చు," అన్నారు విశ్వంభరరావు గారు మృదువుగా. "భౌతిక విషయాలు మన పరిధిలోకి రావు. చట్టరీత్యా మొగలిపేటకు సముద్రం రాలేదు. పాత సర్వేలో ఎక్కడ ఉందో అక్కడే ఆగి ఉంది. కాబట్టి నీకు పక్కా ఇల్లు ఉన్నట్టు. పక్కా ఇల్లు ఉన్నవారు ఇంటి స్థలానికి అనర్హులు. ఈ మేరకు అర్జీ తిరస్కరించడమైనది. ఇక్కడ సంతకం పెట్టు."

"మరి సత్యవేణమ్మ రాసిందిగాండి, సంద్రంలో కలిసిపోయినాయని?"

గోడవారగా నిలబడ్డ సత్యవేణి తల దించుకుంది. విశ్వంభరరావు గారు నిట్టూర్చారు.

"ఆ అమ్మాయికి మెమో ఇచ్చాం. లేని సముద్రాన్ని చూసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి."

ఎల్లాజీ సంతకం పెట్టాడు. పెట్టక చేసేదేముంది. మెట్ల దగ్గర సత్యవేణి వెనకాలే వచ్చి, "నేను ఉన్నది ఉన్నట్టే రాశాను బాబాయ్," అంది. "తెలుసమ్మా," అన్నాడు. అతనికిచ్చిన కాగితం వెనక ఇంకొకటి కుట్టి ఉంది. షెల్టర్‌కి వెళ్లాక కాసులమ్మ దాన్ని ఎవరిచేతో చదివించింది. తుఫాను లేనప్పుడు తుఫాను షెల్టర్లో ఉండటం నిబంధనలకు విరుద్ధం కాబట్టి, నలభై ఒక్క కుటుంబాలూ రెండు నెలలు తిరిగేలోపు తమ తమ ఇళ్లకు వెళ్లిపోవాలని అందులో ఉంది.

"ఎల్లిపోదాం మావా," అంది కాసులమ్మ. "సామాను నువ్వట్టుకో. ఈత నేర్చుకున్నాక నేనొత్తాను."

చట్టానికి ఒక గుణం ఉంది. ఒక చోట ఒప్పుకుంటే ఇంకో చోట కాదనడానికి వీల్లేదు. సముద్రం రాలేదంటే అక్కడున్నది నేల. నేల మీద తిరిగేది ఏదైనా వాహనం. ఆ వారంలో ఎల్లాజీ వేట ముగించుకుని ఒడ్డుకొస్తుంటే, ఇసుకలో కుర్చీ వేసుకుని బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు కూర్చుని ఉన్నారు. ఈల వేసి పడవ ఆపించారు.

"నువ్వు ఇప్పుడు పంచాయతీ రోడ్డు మీద నాలుగు వందల గజాలు బండి తోలుకుంటూ వచ్చావు. లైసెన్సుందా?"

"పడవండి ఇది."

"సముద్రంలో పడవ. దక్షిణంగా, పాత ఒడ్డు గుర్తుకు నీళ్లలో ఆ జెండా పాతిన చోటు దాకా సముద్రం. అక్కడి నుంచి ఇటు రోడ్డు. రోడ్డు మీద ఇది మోటారు వాహనం. నంబరు ప్లేటు లేదు, హారన్ లేదు, ఇండికేటర్లు లేవు. పైగా రాంగ్ సైడులో వచ్చావు."

"మరి రైటు సైడెటండి?"

ఇన్‌స్పెక్టరు గారు పటం తీసి చూపించారు. రైటు సైడులో వెళ్లాలంటే మునిగిపోయిన రామాలయం చుట్టూ తిరిగి రావాలి. అక్కడ గోపురం కొన నీళ్లకింద మూరెడు లోతులో ఉంది. పడవ తగిలితే రెండు ముక్కలే.

ఎల్లాజీ ఎల్లెల్లారు తీసుకున్నాడు. యాభై రెండేళ్ల వయసులో, తాతల నాటి నుంచి వస్తున్న పనికి, పడవ ముందు ఎర్రటి 'ఎల్' అక్షరం కట్టుకుని వేటకు వెళ్లాడు. నెల తర్వాత పరీక్ష పెట్టారు. నీళ్ల మీద ఎనిమిది అంకె వేసి చూపించమన్నారు. చక్కగా వేశాడు. ఇన్‌స్పెక్టరు గారు ఒడ్డు నుంచి దిగి పరిశీలించేసరికి కెరటం ఆ అంకెను చెరిపేసింది. మళ్లీ వేశాడు. మళ్లీ చెరిగింది. మూడోసారికి ఇన్‌స్పెక్టరు గారికే జాలేసి, 'అభ్యర్థి అంకె వేసెను, రోడ్డు సహకరించలేదు' అని రాసి పాస్ చేశారు.

తర్వాత పశువుల డాక్టరు గారి మనిషి వచ్చాడు. ఇళ్ల స్థలాల్లో తిరుగుతున్న జీవాలు కాబట్టి, అక్కడి చేపలు పెంపుడు జంతువుల కిందికి వస్తాయట. చెవులకు ట్యాగులు వేయాలట. అతను ఒక పండుగప్ప చేపను చేతిలో పట్టుకుని చెవి కోసం చాలాసేపు వెతికాడు. దొరక్క, 'చెవులు లేవు' అని పైకి రాశాడు. చెవులు ఎవరు కోశారో విచారణ జరిపించమని పై నుంచి జవాబొచ్చింది.

ఇవన్నీ నవ్వుకునే విషయాలే, షెల్టరు గడువు లేకపోతే. గడువుకు ఇంకా పద్దెనిమిది రోజులుంది. రోజూ చీర గదుల్లో అదే మాట. కొందరు పక్క మండలంలో చుట్టాల దగ్గరికి వెళ్లిపోదామన్నారు. వెళ్తే వేట ఎక్కడ చేస్తాం అన్నారు ఇంకొందరు. ఎల్లాజీ వల బాగుచేసుకుంటూ కూర్చునేవాడు. చిరగని చోట కూడా కుడుతున్నాడని కాసులమ్మకు తెలుస్తూనే ఉంది.

అలాంటప్పుడు రాజధాని నుంచి డాక్టర్ చక్రధర్ గారు దిగారు. తీరరేఖా స్థిరత్వ సలహాదారు. ఆయన మూడు ఖండాల్లో సెమినార్లకు వెళ్లొచ్చారు. సముద్రాన్ని మాత్రం ఎప్పుడూ హోటల్ కిటికీలోంచే చూశారు. మొగలిపేట గురించి విని ఆయన పొంగిపోయారు.

"ప్రపంచమంతా తీర్మానం చేసి ఊరుకుంది, విశ్వంభరరావు గారూ. మీరొక్కరే అమలు చేశారు. మొగలిపేటను ఆదర్శ స్థిర గ్రామంగా ప్రకటిద్దాం. రాజధానికి వచ్చి ఉన్న విదేశీ అతిథుల్ని పిలిచి ఎల్లుండే సభ పెడదాం. ఎక్కడ పెడదాం?"

"షెల్టరు దగ్గర మైదానం ఉంది సార్."

"మైదానమా? ఊరు పెట్టుకుని మైదానమెందుకు? పంచాయతీ ఆఫీసు ఎదురుగా పెట్టండి."

పంచాయతీ ఆఫీసు ఒడ్డుకు రెండు వందల గజాల అవతల ఉంది. పైన చేపలు తిరుగుతున్నాయి. విశ్వంభరరావు గారు ఎల్లాజీని పిలిపించారు. ఐదు పడవలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, తివాచీ వేసి, షామియానా ఎత్తాలి. పడవలు కనిపిస్తే నీళ్లున్నాయని అపోహ కలుగుతుంది కాబట్టి చుట్టూ రంగు గుడ్డలు కట్టాలి. లైఫ్ జాకెట్లు పనికిరావు. నేల మీద సభకు లైఫ్ జాకెట్లేమిటి?

"ఎల్లుండి పున్నమండి," అన్నాడు ఎల్లాజీ. "పదిన్నరకి పోటు తగుల్తది. సభ తొమ్మిదింటికే అవగొట్టేయండి."

డాక్టర్ చక్రధర్ గారు చిరునవ్వు నవ్వారు. "లేని సముద్రానికి పోటెక్కడుంటుందయ్యా?"

సభ పదింటికి మొదలైంది. అతిథుల్లో అందరూ ముందు చూసింది లూపే గారిని. ఏదో చిన్న ద్వీప దేశం నుంచి వచ్చిన పెద్దావిడ. చెవి పక్కన పువ్వు, కాళ్లకు రబ్బరు చెప్పులు. మిగతావాళ్లు పడవెక్కడానికి ఇద్దరేసి మనుషుల్ని పట్టుకుంటే, ఆవిడ ఒక చెయ్యి అంచు మీద వేసి ఎగిరి కూర్చుంది. ఎల్లాజీ అది గమనించాడు. ఈవిడ మా మనిషే అనుకున్నాడు.

వేదిక చేరేలోపు పడవలో ఆవిడ కాసులమ్మతో మాటలు కలిపింది. సత్యవేణి రెండు వైపులా చెప్పుకొచ్చింది.

"మీకు బావిలో నీళ్లు ఎప్పుడు ఉప్పగా మారాయని అడుగుతోంది పిన్నీ."

"నాలుగేళ్లయింది. ముందు అన్నం ఉడకడం మానేసింది. అప్పుడు తెలిసింది."

లూపే గారు అది విని తల ఊపింది. వాళ్ల ఊళ్లో ముందు వెళ్లింది సమాధులట. వాళ్ల నాన్నది, ఆయన పక్కనే తమ్ముడిది. ఎముకల్ని బుట్టలో పెట్టుకుని ఊరి మధ్యకు తెచ్చుకున్నారట. కాసులమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, వేదిక దాకా వదల్లేదు.

డాక్టర్ చక్రధర్ గారు మైకు ముందు నిలబడి, "మిత్రులారా, మన కాళ్ల కింద ఉన్నది కేవలం నేల కాదు, ఒక సూత్రం," అన్నప్పుడు పదీ ఇరవై అయింది. సూత్రం మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది. పూలకుండీలు ఒక వైపుకు జరిగాయి. "ప్రకృతి చంచలమైనది, చట్టం నిశ్చలమైనది," అన్నప్పుడు షామియానా గుంజలు రెండు ఊడాయి. వెనక వరస కుర్చీలు అందులోని మనుషులతో సహా ముందు వరసలోకి వచ్చాయి. మూడో కెరటానికి తివాచీ నెత్తి మీదికి లేచింది. విశ్వంభరరావు గారు జాతీయ గీతం పాడటానికి లేచి నిలబడి, నిలబడలేక మైకు స్టాండును కౌగిలించుకున్నారు.

ఎల్లాజీ ఎవరి ఉత్తర్వూ అడగలేదు. కత్తి తీసి కట్ల తాళ్లు తెంపాడు. ఐదు పడవలూ విడిపోయి కెరటం మీదికెక్కాయి. "ఎవరూ నిలబడకండి. కూర్చున్నోళ్లు కూర్చున్నట్టే ఉండండి," అని కేకేసి, ఇంజను వేసి, మిగతా పడవల్లోని తన వాళ్లను వెంటబెట్టుకుని మనుషులందర్నీ ఒడ్డుకు చేర్చాడు. పరీక్ష పాసైనా విప్పని ఎర్ర 'ఎల్' బోర్డు ఇంకా పడవకు వేలాడుతూనే ఉంది. ఒక్కరికీ ఏమీ కాలేదు. దండలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక జ్యోతి వెలిగించే దీపపు సెమ్మె మాత్రం పోయాయి.

ఇసుకలో తడిగుడ్డలతో కూర్చుని లూపే గారు అతిథి ప్రసంగం చేసింది. సత్యవేణి తెలుగులో చెప్పింది.

"మా దీవి మునిగితే మా చేపలు మావి కావని పెద్ద దేశాలు అన్నాయి. అందుకని ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి పోట్లాడాం, గీత కదలకూడదని. కదలకూడదన్నది గీత. మనుషులు కదలకూడదని మేమెప్పుడూ అనలేదు. ఈయనకు మెరక మీద ఇల్లెందుకు ఇవ్వరో నాకు అర్థం కాలేదు."

డాక్టర్ చక్రధర్ గారు చొక్కా పిండుకుంటూ, "మేడమ్ గారి భావోద్వేగాన్ని మినిట్సులో నమోదు చేద్దాం," అన్నారు. నమోదు చేశారు కూడా. నివేదికలో 'సభ జయప్రదముగా ముగిసెను, అతిథులు ఆనందముతో తడిసి ముద్దయిరి' అని ఉంది.

వెళ్లే ముందు లూపే గారు చెవి పక్కన పువ్వు తీసి కాసులమ్మ కొప్పులో పెట్టింది. ఆ పువ్వు వాడిపోయేలోపు కాసులమ్మకు ఒక ఆలోచన వచ్చింది.

సోమవారం అర్జీల రోజున ఆమె తహసీల్దారు ఆఫీసుకు వెళ్లింది. ఆ వేళకు డాక్టర్ చక్రధర్ గారు కూడా అక్కడే ఉన్నారు. సభ జయప్రదం కావడంతో స్థిర తీర విభాగమనే కొత్త శాఖకు మొగలిపేటలోనే ఆఫీసు తెరవమని పై నుంచి ఉత్తర్వొచ్చింది. భవనం వెతుకుతున్నారు.

"ఎతకడం దేనికండి," అంది కాసులమ్మ. "మా ఇల్లుంది కదండి. రెండు గదులు, వంటిల్లు, అరుగు. పక్కా ఇల్లని మీరే రాసిచ్చారు. గవుర్నమెంటుకి ఊరికే ఇచ్చేత్తాం. అద్దె కూడా వద్దు."

విశ్వంభరరావు గారి మొహం పాలిపోయింది. "అమ్మా, అది... ప్రాక్టికల్‌గా..."

"ఏం, బాలేదాండి ఇల్లు? బాలేకపోతే బాలేదని రాసేయండి మరి. మేం మెరకమీదికి ఎలిపోతాం."

విశ్వంభరరావు గారు సలహాదారు వైపు చూశారు. ఇల్లు లేదంటే సముద్రం వచ్చినట్టు. సముద్రం వచ్చిందంటే సూత్రం పోయినట్టు. డాక్టర్ చక్రధర్ గారు లేచి కాసులమ్మకు నమస్కారం పెట్టారు.

"మీలాంటి పౌరులే ఈ దేశానికి పునాది తల్లీ. విశ్వంభరరావు గారూ, రేపటి నుంచి మీరే విభాగానికి ఇన్‌చార్జి. హాజరు మాత్రం ఫోన్లో, ఆ స్థలంలోనే వేయాలి. పదింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి."

అలా విశ్వంభరరావు గారు ఎల్లాజీ ఇంటికి ఉద్యోగానికి వెళ్లసాగారు. వెళ్లడమంటే, పొద్దున్నే టిఫిను డబ్బా, ఫైళ్ల సంచి, గొడుగు పట్టుకుని ఎల్లాజీ పడవెక్కడం. ఇల్లున్న చోట ఎల్లాజీ లంగరు వేసేవాడు. ఆయన ఫోను మొహం ముందు పెట్టుకునేవారు. పడవ ఊగుతుంటే ఆయన మొహం ఫోనుకు అందేది కాదు. "స్థిరంగా ఉండండి," అని ఫోను చెప్పేది. ఉదయం వేసిన హాజరు ఒక్కోసారి పక్కింటి వంటింట్లో పడేది. అప్పుడు ఎల్లాజీ తెడ్డుతో నాలుగు బారలు వెనక్కి లాగేవాడు.

మొదటి రోజు ఆయన నాలుగుసార్లు కక్కుకున్నారు. రెండో రోజు టిఫిను తేలేదు. మూడో రోజు కక్కడానికి ఏమీ లేక వట్టినే వంగారు. ఎల్లాజీ ఆయన వీపు నిమిరి, నిమ్మకాయ ముక్క చేతిలో పెట్టాడు.

"దూరంగా ఒకే చోటుకి సూడండి అయ్యగారు. కిందకి సూడకండి."

"కింద ఏముందయ్యా?"

"మీరు కూర్చున్నచోట మా గాదె ఉండేదండి."

విశ్వంభరరావు గారు చాలాసేపు నీళ్లలోకి చూశారు. ఫైలు తెరవలేదు. "ఎన్నేళ్లు కట్టావు ఇది?" అని అడిగారు. మెల్లగా కట్టానండి, గది గదికీ మధ్య ఆరేసేళ్లు, అన్నాడు ఎల్లాజీ. మా నాయిన పోయింది ఇక్కడే, కూతురు పుట్టిందీ ఇక్కడే అన్నాడు. ఇరవై ఆరేళ్లలో విశ్వంభరరావు గారు నూట పన్నెండు లాంటి నంబర్లు వేలకు వేలు రాశారు. ఒక నంబరు మీద మూడు రోజులు కూర్చోవడం మాత్రం ఇదే మొదలు.

ఏడో రోజున గాలి తిరిగింది. గొడుగు ఎగిరిపోయింది. ఫైళ్ల సంచి తడిసి అట్టలుబ్బాయి. సాయంత్రం ఒడ్డున, ఒళ్లంతా ఉప్పు పొరతో కూర్చున్న ఆయన దగ్గరికి సత్యవేణి ఒక ఫారం పట్టుకొచ్చింది. సంజాయిషీ ఇచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నిబంధనల పుస్తకాలు తప్ప ఇంకేమీ చదవడం లేదు.

"సార్, పాడుబడిన ఇళ్లవాళ్లకు కొత్త స్థలం ఇవ్వొచ్చు సార్. ఈ ఫారం ఉంది."

"తెలుసమ్మా. కారణం రాయాలి. సముద్రం అని రాయడానికి లేదు."

"సముద్రం అక్కర్లేదు సార్. కారణాలు ఇక్కడే అచ్చేశారు, టిక్కు పెట్టడమే. అగ్ని ప్రమాదం, ఈదురుగాలి, చెదలు, చెమ్మ."

విశ్వంభరరావు గారు తలెత్తారు.

"చెమ్మ?"

"గోడలకు చెమ్మ సార్. కాకపోతే ఒక షరతుంది. గెజిటెడ్ అధికారి స్వయంగా ఇంట్లో ప్రవేశించి, కనీసం ఏడు పనిదినాలు పరిశీలించాలి. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు మీరు ఏడు పనిదినాలుగా ఇంట్లోనే ఉన్నారు సార్. ఫోన్లో హాజరుంది."

ఆయన కలం అడిగారు. కలంలోకి నీళ్లు పోయాయి. ఎల్లాజీ షెల్టర్‌కి పరుగెత్తి ఎవరి పెన్నో తెచ్చాడు. విశ్వంభరరావు గారు ఇసుకలో మఠం వేసుకుని, జీవితంలో మొదటిసారి కళ్లారా చూసింది రాశారు: 'ఇంటిని నేను స్వయముగా లోపలి నుండి పరిశీలించితిని. నేల, గోడలు, పైకప్పు యందు చెమ్మ మిక్కుటముగా నున్నది. కొన్ని గదులలో చెమ్మ నిలువెత్తునకు పైబడి యున్నది. ఆరబెట్టుట సాధ్యము కాదు. నివాసయోగ్యము కాదని ధ్రువీకరించడమైనది.' పక్క పక్క గోడలు కాబట్టి చెమ్మ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకినదని రాసి, మిగతా నలభై ఇళ్లనూ అందులోనే చేర్చారు.

డాక్టర్ చక్రధర్ గారు ఫైలు మూడుసార్లు చదివారు. సముద్రం అన్న మాట ఎక్కడా లేదు. సూత్రానికి ఈగ కూడా వాలలేదు. సంతోషంగా సంతకం పెట్టి, 'స్థిర తీరములందు చెమ్మ' అనే విషయం మీద పేపరు చదవడానికి నాలుగో ఖండం వెళ్లారు. స్థిర తీర విభాగాన్ని, ఇల్లు పాడుబడినందువల్ల, జిల్లా కేంద్రంలో ఒక మేడ పైఅంతస్తుకు మార్చారు. సత్యవేణి మీద మెమో అలాగే ఉంది. దాన్ని ఎత్తేయాలంటే ఆమె చూసిన సముద్రం ఉందని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి.

షెల్టరు గడువుకు రెండు రోజుల ముందు పట్టాలొచ్చాయి. చెమ్మ ఇళ్లలోకి మళ్లీ అడుగుపెట్టబోమని నలభై ఒక్క కుటుంబాలూ హామీ పత్రం రాసిచ్చాయి. విశ్వంభరరావు గారు పట్టా ఎల్లాజీ చేతికిస్తూ, "నిమ్మకాయ బాగా పనిచేసింది," అని మాత్రం అన్నారు.

జీడితోటల పక్కన మెరక మీద ముగ్గు పోసి హద్దులు గీశారు. అక్కడి నుంచి చూస్తే సముద్రం మొత్తం కనిపిస్తుంది. పాత ఊరు ఉన్న చోట నీళ్లు కాస్త పచ్చగా ఉంటాయి, అంతే తేడా. ఎల్లాజీ చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు. ఇక్కడి నుంచి పడవ దగ్గరికి నడవాలంటే అరగంట. తెల్లారుజామున అలల చప్పుడుకు మెలకువ రాదు. దానికి ఎలా అలవాటు పడాలో అతనికి తెలియలేదు. బాధో సంతోషమో కూడా సరిగ్గా తెలియలేదు.

పక్కూరి మేస్త్రి తాడు సాగదీసి పట్టుకుని, గుమ్మం ఎటు పెట్టాలని అడిగాడు. "సంద్రం వైపు పెట్టనా అమ్మా, తోట వైపు పెట్టనా?"

కాసులమ్మ ఇటుక మీద కూర్చుని జాగా అంతా ఒకసారి కలియజూసింది.

"నీకెటు వీలైతే అటు పెట్టు నాయనా," అంది. "అదొచ్చేటప్పుడు గుమ్మంలోంచి రాదు."